మూడు బీర్లకూ ఒకే హాప్స్ వేద్దామంటున్నాడు, ఏం చేయమంటారు?

చిత్తూరుకు దగ్గర్లోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయనకు ముప్పై ఆరేళ్లు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఐదేళ్లు ఉద్యోగం చేసి, ఇక్కడ అమ్మానాన్నలు ఇద్దరే ఉన్నారని రెండేళ్ల కిందట వచ్చేశారు. ఇప్పుడు పొద్దున తోతాపురి మామిడి తోట, పగలంతా ల్యాప్‌టాప్. అక్కడున్నప్పుడు భార్య వాళ్ల అన్న ఇంటి గ్యారేజీలో ఇద్దరూ కలిసి బీరు చేయడం నేర్చుకున్నారు. కిందటేడు అమ్మానాన్నలను రెండు నెలలు అక్కడికి తీసుకెళ్లినప్పుడు నాన్నగారి కోసమని 20 లీటర్ల గోధుమ బీరు చేశారు. హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలు. రెసిపీలో హాలర్‌టావ్ అనే జర్మన్ హాప్స్ 25 గ్రాములు అని ఉంటే, అది లేక బావమరిది ఫ్రిజ్‌లో ఉన్న సిట్రా అనే అమెరికన్ రకం 25 గ్రాములు వేశారు. నాన్నగారు ఒక్క గుక్క తాగి "ఏందిరా ఇది, యాపాకు కషాయం మాదిరుండాది" అని గ్లాసు పక్కన పెట్టేశారట. దానికి బావమరిది అందరి ముందూ నవ్వి, "మామయ్యకు ఇవన్నీ అర్థం కావులే బావా, ఆయనకు షాపు బీరే కరెక్టు" అన్నాడట. పెద్దాయన తిరిగొచ్చేదాకా మళ్లీ ఆ గ్యారేజీ గడప తొక్కలేదు.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. ఈ జూన్ 27న బావమరిదికి నలభై నిండుతాయి, ఇరవై ఐదు మందిని పిలుస్తున్నాడు, మన పాఠకుడు మే రెండో వారంలో అమ్మానాన్నలతో మళ్లీ వెళ్తున్నారు. మూడు రకాలు, రకానికి 20 లీటర్లు చేయాలనుకున్నారు. నాన్నగారు తాగగలిగేది ఒకటి, స్నేహితుల కోసం హాప్స్ దట్టంగా వేసే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) ఒకటి, నల్లటి స్టౌట్ ఒకటి. బావమరిదేమో "సిట్రా కిలో కొని పెట్టాను, మూడింటికీ అదే వేసేద్దాం" అంటున్నాడు. భార్యేమో "మా అన్నకూ మీ నాన్నకూ మధ్య నన్ను పెట్టొద్దు, ఆయనకు బీరే పోయాలని ఎక్కడైనా రాసుందా" అంటోంది. ఏ బీరుకు ఏ హాప్స్ వేయాలి, అన్నింటికీ సిట్రానే వేస్తే ఏమవుతుంది, వచ్చేటప్పుడు తెచ్చుకున్న హాప్స్ ప్యాకెట్లు ఐదు ఫ్రీజర్‌లో ఉన్నాయి కదా, ఇక్కడే చిన్న గిన్నెలో ఒకసారి చేసి చూసుకోవచ్చా అని అడిగారు. "హాప్స్ గురించి చదివే కొద్దీ టెన్షన్ పెరుగుతోంది, ఎన్ని పేర్లో" అని చివర్లో రాశారు.

మీ నాన్నగారు చెప్పింది నిజం. నేను బెంగళూరులో సొంతంగా బీరు చేసి పోసే బ్రూపబ్‌లలో తొమ్మిదేళ్లు పని చేసి తిరుపతికి వచ్చేసినవాణ్ణి, ఆ బీరు నాకు ఇచ్చినా దాదాపు అదే మాట అనేవాణ్ణి. ఎందుకో లెక్క చూడండి. హాప్స్‌లో చేదు ఆల్ఫా ఆమ్లాల వల్ల వస్తుంది, అవి ఎంత శాతం ఉన్నాయో ప్రతి ప్యాకెట్ మీదా అచ్చు వేస్తారు. హాలర్‌టావ్‌లో 4 శాతం దగ్గర ఉంటుంది, సిట్రాలో 12, 13 దాకా ఉంటుంది. చేదును ఐబీయూల్లో కొలుస్తారు, లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము చేదు కరిగితే ఒక ఐబీయూ అనుకోండి. 20 లీటర్లలో 25 గ్రాముల హాలర్‌టావ్ గంట సేపు మరిగితే 12 ఐబీయూలు వస్తాయి. గోధుమ బీరుకు ఉండాల్సింది 8 నుంచి 15, అంటే మీ రెసిపీ సరిగ్గానే ఉంది. అదే 25 గ్రాముల సిట్రా గంట మరిగిందంటే 37 వస్తాయి. బ్యాడిగి కారం వేయాల్సిన కూరలో అదే చెంచాతో గుంటూరు కారం వేశారు, అంతే జరిగింది.

ఒక హాప్స్ బదులు ఇంకోటి వేసేటప్పుడు పాత తూకాన్ని పాత శాతంతో గుణించి కొత్త శాతంతో భాగించాలి. 25ను 4తో గుణించి 13తో భాగిస్తే 8 గ్రాములకు కాస్త తక్కువ. ఆ రోజు 8 గ్రాముల సిట్రా వేసుంటే నాన్నగారు గ్లాసు పూర్తి చేసేవారని నా నమ్మకం. పని నేర్చుకునే కొత్తలో నేనూ కాస్కేడ్ అనే హాప్స్ అయిపోతే చినూక్ అనే రకాన్ని అదే తూకంలో వేశాను, చినూక్‌కు ఆల్ఫా రెట్టింపు. మా హెడ్ బ్రూవర్ ఒక్క మాటా అనకుండా నోటుబుక్ తెచ్చి ఖాళీ ప్యాకెట్ పక్కన పెట్టి ఈ భాగహారం వేసి చూపించారు. అప్పటి నుంచి త్రాసు తీసే ముందు శాతం చదవడం నాకు అలవాటైపోయింది, మీరూ అలవాటు చేసుకోండి.

ఇక పేర్ల గురించి టెన్షన్. రుచి వరకు హాప్స్ చేసే పనులు రెండే, చేదు ఇవ్వడం, వాసన ఇవ్వడం. విచిత్రం ఏంటంటే ఒకటి బాగా జరగాలంటే రెండోది పోవాలి. చేదు రావాలంటే ఆల్ఫా ఆమ్లాలు వేడికి రూపం మారాలి, దానికి గంట మరగాలి. ఆ గంటలో సువాసన నూనెలన్నీ ఆవిరితో పాటు గ్యారేజీ కప్పుకు వెళ్లిపోతాయి. అదే హాప్స్ చివరి ఐదు నిమిషాల్లో వేస్తే చేదు గంట మరిగినదాంట్లో ఐదో వంతే వస్తుంది, వాసన చాలా వరకు మిగులుతుంది. బీరు పులిసిపోయాక చల్లగా ఉన్నదాంట్లో వేసి మూడు నాలుగు రోజులు ఉంచితే, దాన్ని డ్రై హాపింగ్ అంటారు కదా, దాదాపు అంతా వాసనే. అంటే మీరు సిట్రాను దానికి గొప్ప పేరు తెచ్చిన పని మీద కాకుండా వేరే పని మీద పెట్టారు. మామిడి, లిచీ, పంపరపనస వాసనల కోసం జనం ఎగబడి కొనే హాప్స్ అది, మీ నాన్నగారికి అందులోని చేదు తప్ప ఇంకేమీ అందలేదు. అందుకే బావమరిది చెప్పినట్టు అన్నింటికీ సిట్రా వేయాలా వద్దా అన్న ప్రశ్న కంటే, ఏ బీరులో ఎప్పుడు ఎంత వేస్తున్నారన్నది పెద్ద ప్రశ్న.

ఇక్కడ గిన్నెలో చేసి చూడొచ్చా అన్నారు. వద్దు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, ఐదు లీటర్లే కదా, ఇంట్లోకే కదా అంటే వినేవాళ్లు ఉండరు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో, అమ్మకుండా ఇంటి వాడకానికి చేసుకునే బీరుకు ఫెడరల్ అనుమతి వచ్చింది, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. మీ 60 లీటర్లు అక్కడ లెక్కలోకే రావు. కాబట్టి బీరు అక్కడే చేయండి. పులియబెట్టకుండా ఇక్కడ మీరు చేయగలిగిన పని ఒకటుంది, అది నాకు బీరు చేసి చూడటం కంటే విలువైనదనిపిస్తుంది.

ఒక ప్యాకెట్ తెరిచి రెండు గుళికలు అరచేతిలో వేసుకుని రెండు చేతులూ గట్టిగా రుద్దండి. ఆకుపచ్చ పొడి అవుతుంది, అందులో పసుపు రేణువులు మెరుస్తాయి, వేళ్లకు మామిడి సొన అంటినట్టు జిగురుగా అంటుకుంటుంది. ఆ వేడి మీదే ముక్కు దగ్గర పెట్టుకోండి. సాజ్ అయితే ఎండిన గడ్డివాములో పూలు కలిసినట్టు, కాస్కేడ్ అయితే పంపరపనస తొక్క గిచ్చినట్టు, సిట్రా అయితే పండిన మామిడి. ఈ మామిడి పోలిక ఊరికే చెప్పడం లేదు, మైర్సీన్ అనే నూనె హాప్స్‌లోనూ ఉంది, మామిడిలోనూ ఉంది. జీవితమంతా కాయ తొడిమ దగ్గర వాసన చూసి కోతకు వచ్చిందో లేదో చెప్పిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. ప్యాకెట్ మీద పేరు చెప్పకుండా ఆయన చేతిలో రెండు గుళికలు వేయండి, ఆయన ఏమన్నారో రాసుకోండి. మీకు రెండేళ్లుగా దొరకని సలహాదారు ఆయనే అయినా నాకు ఆశ్చర్యం లేదు. ఏ ప్యాకెట్ అయినా పాత చీజులాగా, చెమట పట్టిన సాక్సుల్లాగా వాసన వస్తే అది పాడైపోయినట్టు, పారేయండి. రెండేళ్లలో కరెంటు కోతలు ఎన్ని పడ్డాయో మీకే తెలియాలి.

తర్వాత రెండు చిన్న గిన్నెల్లో అరలీటరు చొప్పున నీళ్లు పెట్టండి. ఒకదాంట్లో సిట్రా గుళికలు రెండు వేసి మూత పెట్టి సన్న మంట మీద అరగంట మరిగించండి. రెండోదాన్ని మరిగించి దించేసి, ఐదు నిమిషాలు ఆగాక అదే ప్యాకెట్‌లోంచి ఇంకో రెండు గుళికలు వేసి పది నిమిషాలు మూత పెట్టండి. రెండూ వడకట్టి స్టీలు గ్లాసుల్లో పోసి పక్కపక్కన పెట్టుకుని రెండేసి చెంచాలు తాగి చూడండి. ఒకే ప్యాకెట్‌లోవేనా ఇవి అనిపిస్తుంది. నేను రాసిన పై పేరాలన్నీ మీ నాలుకకు ఆ నిమిషంలో అర్థమవుతాయి. ఒక జాగ్రత్త, పెరట్లో కుక్క ఉంటే ఆ పిప్పి దానికి అందనీయకండి, హాప్స్ కుక్కలకు విషం, ఒంట్లో వేడి పెరిగిపోయి ప్రాణం పోయేదాకా వస్తుంది. మిగిలిన ప్యాకెట్లు వెనక్కి మోసుకెళ్లకండి, అక్కడ తాజావి ఎన్నైనా దొరుకుతాయి.

ఇక నాన్నగారి బీరు. మీ ముందు రెండు దార్లున్నాయి. ఒకటి మళ్లీ గోధుమ బీరే చేయడం, ఈసారి హాలర్‌టావ్ గానీ టెట్నాంగ్ అనే ఇంకో జర్మన్ రకం గానీ 25 గ్రాములు గంట మరిగించి, ఆ తర్వాత ఇంకేమీ వేయకపోవడం. ఈ బీరులో అరటిపండు, లవంగం వాసనలు ఈస్ట్ ఇస్తుంది, హాప్స్ నోరు మూసుకుని ఉంటేనే అవి వినిపిస్తాయి. ఇక్కడ షాపు బీర్లకు అలవాటుపడిన వాళ్లకు చేదు తక్కువ, నురగ ఎక్కువ ఉన్న ఈ బీరు తొందరగా నచ్చుతుంది, మూడు వారాల్లో తయారవుతుంది కూడా. కాకపోతే బావమరిది స్నేహితుల్లో హాప్స్ పిచ్చి ఉన్నవాళ్లు చప్పగా ఉందనొచ్చు, అననివ్వండి, అది వాళ్ల కోసం చేసింది కాదు. రెండో దారి సాజ్‌తో పిల్స్‌నర్ అనే లేత బంగారు రంగు బీరు. సాజ్ అంటే చెక్ దేశంలోని జాటెట్స్ ఊరి హాప్స్, 1842లో ప్ల్‌జెన్ ఊళ్లో మొదటి పిల్స్‌నర్ చేసినప్పుడు వేసింది అదే. మన షాపు బీర్లలో చాలా వరకు దూరపు వరసలో దానికి చుట్టాలే, కాబట్టి నాన్నగారికి కొత్తగా అనిపించదు. కానీ ఆ రకం బీరు 10, 12 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పులవాలి, తర్వాత సున్నాకు దగ్గర్లో ఇంకొన్ని వారాలు పడుండాలి. దానికే ఒక ఫ్రిజ్ కేటాయించలేకపోతే జూన్ గ్యారేజీలో పిల్స్‌నర్ జోలికి పోవద్దు. పైగా అసలైన చెక్ రకంలో 30 పైన ఐబీయూలు ఉంటాయి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి దాన్ని మోస్తుంది గానీ ఆయనకు మళ్లీ చేదు గుర్తుకు రావచ్చు. నేనైతే గోధుమ బీరుకే ఓటేస్తాను.

ఐపీఏ మీ బావమరిదికి వదిలేయండి. నిజంగా వదిలేయండి, సిట్రా కిలో కొన్నాడంటే ఆ మనిషికి అదంటే ప్రేమ, ఆ ప్రేమకు సరైన చోటు అదే. పేరులోని ఇండియా మనదేశమే, ఇంగ్లండు నుంచి నెలల తరబడి ఓడల్లో ఇక్కడికి వచ్చే బీరు పాడవకుండా హాప్స్ దట్టంగా వేసేవాళ్లు, హాప్స్‌కు బీరును చెడగొట్టే బ్యాక్టీరియాను ఆపే గుణం ఉంది. మీరు అడగాల్సింది ఒక్కటే, గంట మరిగించే దాంట్లో సిట్రా వేయొద్దని. అక్కడ మాగ్నమ్ అనే హాప్స్ 25 గ్రాములు వేస్తే 30 ఐబీయూల శుభ్రమైన చేదు వస్తుంది, నాలుక మీద గీసుకోదు. చివరి పది నిమిషాల్లో సిట్రా 20 గ్రాములు, మంట ఆపి 80 డిగ్రీలకు దిగాక సిట్రా, కాస్కేడ్ కలిపి 40 గ్రాములు, పులిశాక డ్రై హాపింగ్‌కు సిట్రా 80 గ్రాములు. అంతా కలిపి ఐబీయూలు 50కి అటూ ఇటూ తేలతాయి, ఐపీఏకు అది మధ్యస్థం. డ్రై హాపింగ్ వారం పైన సాగనివ్వకండి, పచ్చిగడ్డి రుచి దిగుతుంది. పోర్ట్‌లాండ్ కొళాయి నీళ్లు చాలా మెత్తనివి, ఈ ఒక్క బీరుకు చిటికెడు జిప్సం వేస్తే చేదు స్పష్టంగా నిలబడుతుంది, గోధుమ బీరుకు వేయొద్దు.

స్టౌట్‌కు ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే ఇంగ్లండు హాప్స్, 5 శాతం ఆల్ఫా ఉన్నది 45 గ్రాములు, గంట. అంతే. మాడిన బార్లీయే కాఫీ చేదు ఇస్తుంది, హాప్స్ పక్కన తోడు నిలబడితే చాలు. ఇందులో చివర్లో సిట్రా వేస్తే ఏమవుతుందంటే ఫిల్టర్ కాఫీలో నారింజ రసం పిండినట్టు ఉంటుంది. ఆ రెంటినీ కావాలని కలిపి చేసే నల్ల ఐపీఏలు ఉన్నాయి, కొందరికి ప్రాణం, కానీ ఇరవై ఐదు మంది వచ్చే రోజున మొదటిసారి ప్రయత్నించేది కాదు.

బావమరిది మూడింటికీ సిట్రానే అని పట్టుబడితే? అప్పుడు కూడా ఇల్లు మునిగిపోదు. గంట మరిగించేవాటికి భాగహారం చేసి తూకం తగ్గించండి, గోధుమ బీరుకు 8 గ్రాములు, స్టౌట్‌కు 17. చేదు సరిపోతుంది, గంటలో వాసనా పోతుంది కాబట్టి రుచిలో పెద్ద తేడా తెలియదు. స్టౌట్‌లో గోల్డింగ్స్ ఇచ్చే మట్టి, తేనె ఛాయలు రావు, అంతవరకే నష్టం. ఆయన దగ్గరికి "నీ సిట్రా వల్లే పాడైంది" అని వెళ్తే గొడవ, "మనిద్దరం తూకం చూశాం గానీ శాతం చూడలేదు బావా, 12 రావాల్సిన చోట 37 వచ్చింది" అని కాగితం చూపిస్తే వినే అవకాశం ఎక్కువ. తప్పు ఇద్దరిదీ, అది నిజం కూడా. అయితే ఆయన నవ్విన నవ్వు వేరే లెక్క. దాన్ని మీరు అక్కడికి వెళ్లకముందే ఫోన్‌లో, ఇద్దరే ఉన్నప్పుడు, మీ ఆవిడను మధ్యలో పెట్టకుండా మాట్లాడండి. "నాన్న చెప్పింది కరెక్టు, నువ్వు ఆయనతో ఆ మాట ఒకసారి చెప్పు" అని అడగండి. చెప్పకపోతే? మీరే చెప్పండి, అందరి ముందూ, ఎందుకంటే ఆ నవ్వు కూడా అందరి ముందే కదా. మీ బావమరిదికి కాసేపు కష్టంగా ఉంటుంది. మీరు మౌనంగా ఉంటే మాత్రం ఆ కష్టం మళ్లీ మీ నాన్నగారిదే అవుతుంది, రెంటిలో ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం.

మీ ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. ఆయనకు ఆ రోజు మజ్జిగే తాగాలనిపిస్తే మజ్జిగే ఇవ్వండి. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగండి.

ఇంకొక దారి కూడా ఉంది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. గోధుమ బీరు పులిశాక 15 లీటర్లు అలాగే సీసాలకు ఎత్తండి. మిగిలిన ఐదు లీటర్లను గాలి ఎక్కువ తగలకుండా చిన్న పాత్రలోకి మార్చి సిట్రా 10 గ్రాములు వేసి మూడు రోజులు ఉంచండి. చేదు పెద్దగా పెరగదు, అరటిపండు పక్కన మామిడి వచ్చి కూర్చుంటుంది. కిందటేడు వేపాకు కషాయం అనిపించుకున్న అదే హాప్స్. రెండు గ్లాసులు పోసి, ఏది ఏదో చెప్పకుండా, నాన్నగారిని ముందు వాసన చూడమనండి. ఆయనకు నచ్చకపోతే పదిహేను లీటర్లు ఎలాగూ ఉన్నాయి.

వరస ఎలాగంటే, స్టౌట్ మే 16న పెట్టేయండి, అది ఎంత నిలవ ఉంటే అంత మెత్తబడుతుంది. గోధుమ బీరు 23న. ఐపీఏ అన్నింటికంటే చివర, హాప్స్ వాసన రోజురోజుకూ తగ్గేది కాబట్టి, సీసాల్లో గ్యాస్ పట్టాలంటే మే 30 దాటకూడదు, బావమరిది దగ్గర గ్యాస్ నేరుగా పట్టించే కెగ్ పీపా ఉంటే జూన్ 5 దాకా ఆగొచ్చు. సీసాలు గోధుమ రంగువే వాడండి, పచ్చవీ తెల్లవీ వద్దు, ఎండ తగిలితే హాప్స్ చేదు విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి వాసన వస్తుంది. పార్టీ పెరట్లో పెడుతున్నారేమో, ఐస్ టబ్బును చెట్టు నీడలోకి జరిపించండి.